ఆముదం రాసిన పడవ

హరినాథ్ పడవ చేస్తున్నాడంటే ఇస్నాపూర్‌లో నవ్వని మనిషి లేడు. సముద్రం చూడాలంటే ఇక్కణ్ణించి రాత్రంతా బస్సులో కూర్చోవాలి. మంజీరా నది దగ్గరే గానీ అందులో మొసళ్ళున్నాయి, పడవ వేస్తామంటే అటవీశాఖ వాళ్ళు ఒప్పుకోరు. "ఏం సారూ, వానకాలంల హైవే మీద నడుపుతవా ఏంది?" అని కిరాణా కొట్టు దగ్గర రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. హరినాథ్ నవ్వి ఊరుకునేవాడు. అతని భార్య నాగవల్లికి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆమె ఆదివారాలన్నీ ఆ పడవే తినేసింది మరి.

కయాక్ అంటారు దాన్ని. ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. హరినాథ్ మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరు. ఎక్కడో వీడియోలో చూసి మనసు పడ్డాడు. నక్షా తెప్పించుకున్నాడు. పటాన్‌చెరు స్క్రాపు దుకాణాలు తిరిగి, విదేశాల నుంచి మిషన్లు దిగిన పెట్టెల పైన్ చెక్క ఏరుకొచ్చాడు. కోత మిల్లులో దాన్ని వేలెడు వెడల్పు బద్దలుగా కోయించి, ఒక్కో బద్దనీ అచ్చుల మీద వంచి, జిగురు పెట్టి, పక్కపక్కన అతికాడు. చెక్కపనిలో అతని చెయ్యి మంచిది. ఎవరు కాదన్నా నాగవల్లి కాదనదు. రెండు బద్దల మధ్య గోరు దూరదు.

కానీ ఉత్త చెక్క నీళ్ళకు ఆగదు. దాని మీద గాజుగుడ్డ, అంటే గాజు పోగులతో నేసిన గుడ్డ, పరిచి, ఆరితే అద్దంలా గట్టిపడే ఎపాక్సీ రెజిన్ పట్టించాలి. నాగవల్లికి అది రోజూ చేసే పనే. పాశమైలారంలో ఆసిడ్ ట్యాంకులు చేసే ఫైబర్ యూనిట్‌కి వెళుతుందామె. గుడ్డ పరచడం, రెజిన్ పొయ్యడం, రోలర్‌తో గాలి బుడగలు వెళ్ళగొట్టడం, సాయంత్రానికి చేతులు గోక్కుంటూ బస్సెక్కడం. హరినాథ్ మొదట తనే చేస్తానని పడవ ముక్కు దగ్గర మూరెడు మేర చేశాడు. అది అప్పడంలా పొంగింది. మాట్లాడకుండా దాన్ని గీకేసి బ్రష్షు పెళ్ళాం చేతిలో పెట్టాడు. పడవ కింది భాగమంతా లోపలా బయటా ఆమె చేతి మీదుగానే పూర్తయింది. ఇక మిగిలింది పైభాగం. హరినాథ్ డెక్ అంటాడు, నాగవల్లి మూత అంటుంది.

ఆ శుక్రవారం పొద్దున ఆ మూత బర్రెల కొట్టంలో అచ్చుల మీద బోర్లించి ఉంది. కొట్టం ఇంటి ఓనరు రాజవ్వది. బర్రెల్ని అమ్మేశాక ఖాళీగా ఉంటే, "మీ ఓడ ఏదో గిండ్ల చేస్కోరాదుండ్రి" అని ఆవిడే ఇచ్చింది. రాజవ్వ కింద ఉంటుంది, వీళ్ళు మేడ మీద. నాగవల్లి డ్యూటీకి వెళుతూ, టిఫిన్ డబ్బా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో చెక్కని నిమిరి చూసింది. గరుకు ఎక్కడా తగల్లేదు.

"రేపు గుడ్డ వేసేద్దాం," అన్నాడు హరినాథ్. "వచ్చే వారం, ఆదివారం నాడు నీళ్ళలో దింపుతున్నాం. వెంకట సాయికి చెప్పేశాను, వీడియో తీస్తాడు. మా డిపార్ట్‌మెంటు వాళ్ళంతా వస్తున్నారు."

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమా? మూత ఇంకా ఉత్త చెక్కగానే పడుంది, వీడియోకి ముహూర్తం పెట్టేశారు."

"అయిపోతుందే. నువ్వున్నావుగా."

"ఉన్నాను. అయితే ఒకటి. దింపిన రోజు నేనూ ఎక్కుతాను."

హరినాథ్ ఇసుక కాగితం మడత విప్పి మళ్ళీ మడిచాడు. "కొత్త పడవ ముందు మగాడు ఎక్కాలి. మా వైపు అదో ఆనవాయితీ."

"మీ వైపంటే తణుకులోనా? మీ నాన్నగారికి స్కూటరుండేది గానీ పడవెక్కడిదండీ?" నాగవల్లికి నవ్వాగలేదు. "మా లంకలో అవతలి గట్టుకి గడ్డికి పోయేది ఆడాళ్ళే. ఓణీ వెయ్యకముందే నేను దోనె నడిపాను. ముందు మీరే ఎక్కండి, వెనక నేనెక్కుతాను."

"ఆ దోనె వేరు, ఇది వేరు. ఇది ఇట్టే తిరగబడుతుంది."

"తిరగబడితే ఈదుతాను. మీకే రాదు ఈత."

"చూద్దాంలే," అన్నాడు హరినాథ్.

ఇన్నేళ్ళ కాపురంలో 'చూద్దాంలే' అంటే ఏమిటో నాగవల్లికి బాగా తెలుసు. లేదనడానికి నోరు రానప్పుడు అతను వాడే మాట అది. ఆమెకి పడవ సొంతం కానక్కర్లేదు, వీడియోలో పడనక్కర్లేదు. ఒక్కసారి, తనొక్కతే, నీళ్ళ నడిమధ్య దాకా పోయి రావాలి. పెళ్ళయి ఇటు వచ్చాక ఆమె చూసిన నీళ్ళన్నీ ట్యాంకర్లో వచ్చినవే. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, రోలర్ తిప్పిన ప్రతి ఆదివారం అనుకుంది.

గేటు దగ్గర రాజవ్వ కోళ్ళకు నూకలు చల్లుతోంది.

"అమ్మా, కొట్టంలోకి కోళ్ళు పోకుండా జెర చూస్తారా? చెక్క మీదెక్కితే పాడుచేస్తాయి."

"నువ్వు పో బిడ్డా. నే సూస్కుంట," అంది రాజవ్వ.

*

సాయంత్రం నాగవల్లి బస్సు దిగి వచ్చేసరికి హరినాథ్ అప్పటికే కొట్టంలో నిలబడి ఉన్నాడు. ఆముదం తాగినట్టుంది మొహం. పక్కన రాజవ్వ, కొంగుకి చేతులు తుడుచుకుంటూ, పండగ చేసిన మనిషిలా వెలిగిపోతోంది. వాళ్ళ మధ్య పడవ మూత పచ్చగా నిగనిగలాడుతోంది. ఎండిన చెక్క నూనె తాగి, పసుపు పూసుకుని, పెళ్ళికూతురులా కూర్చుంది.

"సూడు బిడ్డా, ఎట్ల మెరుస్తుందో!" అంది రాజవ్వ. "ఉత్త కట్టె గట్లనే ఎండుతుంటే పగుల్తది. మా మామ వానలు పడకముందే నాగలికి, బండి కాడికి గిట్లనే ఆముదం రుద్దుతుండె. పగులు రాకపోతుండె. ఇయ్యాల శుక్రవారమాయె, కొత్త బండికి పెట్టినట్టు జెర పసుపు గూడ కలిపిన. దిష్టి తాకది."

నాగవల్లి వేలు పెట్టి చూసింది. నూనె ఉన్న చోట రెజిన్ పట్టదు. యూనిట్‌లో తలకి నూనె రాసుకున్న చెయ్యి అచ్చు మీద పడితేనే సూపర్‌వైజర్ కేకలేస్తాడు. ఇక్కడ మూత మొత్తం, ముక్కు నుంచి తోక దాకా, ఆముదం.

"మంచి పని చేశారమ్మా," అన్నాడు హరినాథ్. నవ్వాడు కూడా.

రాజవ్వ సంతోషంగా లోపలికి పోయింది. వాళ్ళు మేడెక్కారు. తలుపు పడిందో లేదో హరినాథ్ మొదలుపెట్టాడు.

"నువ్వే కదూ ఆవిణ్ణి చూడమన్నది?"

"కోళ్ళని చూడమన్నాను."

"చెక్కని ముట్టుకోవద్దని చెప్పొద్దూ? నూనె పడితే ఏమవుతుందో నీకు తెలీదూ? రోజూ చేసే చాకిరీ అదేగా! ఇన్ని నెలల కష్టం నాది, ఒక్క పూటలో బూడిదలో పోశావ్. ఆదివారం వాళ్ళకేం చెప్పను? మా ఆవిడ అజాగ్రత్త అని చెప్పనా?"

"ఇందాక మంచి పని చేశారమ్మా అన్న నోరు ఇదేనా?"

"ఆవిణ్ణేమంటాం? ఓనరు. పైగా పెద్దావిడ."

"అందుకని నన్నంటారు."

అత్త మీద కోపం దుత్త మీద అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నాగవల్లికి ఒళ్ళు మండింది. తిట్టు పడ్డందుక్కాదు, తిట్లకేం, రోజూ ఉండేవే. 'కష్టం నాది' అన్నాడు. ఆ 'నాది' దగ్గరే ఆమెకు ముల్లు గుచ్చుకుంది. ఆ రోజు ఉల్లిపాయ కూడా తరక్కుండా, ఉన్న చారుతోనే అన్నం పెట్టి, తను పెరుగేసుకుని తినేసింది. అతను కూరేదని అడగలేదు. అంతమాత్రం బుద్ధి ఉంది.

*

పొద్దున్నే కింద నుంచి గరగరమని శబ్దం వినిపించింది. నాగవల్లి మొహం కడుక్కుంటున్నదల్లా అలాగే పరుగెత్తింది. హరినాథ్ ఇసుక కాగితం తీసుకుని మూతని రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆపండి! రుద్దకండి!" అరిచింది. "రుద్దితే నూనె పొడిలో కలిసి ఇంకా లోపలికి పోతుంది. ముందు తుడవాలి. అసిటోన్ తెండి, పెద్ద డబ్బా. తెల్ల గుడ్డలు కావాలి, ఉతికినవి."

హరినాథ్ కాగితం కింద పడేసి బండి తీశాడు. నిన్నటి గొంతు ఎక్కడ దాచుకున్నాడో తెలీదు. నాగవల్లి యూనిట్‌కి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పింది. నిజానికి ఆమెకి ఒంట్లో బాగానే ఉంది. బాగాలేనిది లోపల.

పని ఇలా సాగింది. గుడ్డ అసిటోన్‌లో ముంచి ఒకే వైపు, పై నుంచి కిందికి, ఒక్క ఊపులో తుడవాలి. తుడిచిన గుడ్డని మళ్ళీ చెక్కకి తాకించకూడదు, పారేయాలి. తాకిస్తే ఒకచోట తీసిన నూనె ఇంకోచోట పూసినట్టే. హరినాథ్ అలవాటు కొద్దీ గుండ్రంగా రుద్దబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. గుడ్డలు పసుపుబట్టలై గోడ వారన కుప్ప పడుతున్నాయి. అసిటోన్ ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, అది ఒకందుకు మంచిదే అయింది. ఎవరూ ఏమీ అడగరు.

గుడ్డలు అయిపోవస్తుండగా రాజవ్వ కొట్టం గడప దగ్గరికొచ్చి నిలబడింది. ఆవిడ చేతిలో ఒక పాత నేత చీర మడత ఉంది.

"నిన్న మీ లొల్లి నాకు ఇనబడ్డది సారూ," అంది.

హరినాథ్ చెయ్యి ఆగిపోయింది. "అబ్బే, అదేం లేదమ్మా..."

"ఆముదం పూసింది నేను. నన్ననేదుండె. దాన్నెందుకన్నవు?"

"మిమ్మల్నెందుకంటానమ్మా, పెద్దవారు."

"పెద్దదాన్నని నన్ననవు. పెండ్లామని దాన్నంటవు. మంచిగున్నది నీ లెక్క!" రాజవ్వ చీర మడత విప్పి, పళ్ళతో అంచు కొరికి, బర్రున చింపింది. "నాకేం ఎర్క బిడ్డా ఇది అద్దం తీర్గ జిగురు పూసే కట్టె అని. మా కట్టెకు నూనె పూస్తే అది బతికేది. మీ కట్టెకు నూనె పూస్తే సస్తదంట. నా తోనైన పాపం, జెర నన్ను గూడ తుడ్వనియ్యి."

"పాపమేంటమ్మా, కాపాడదామనే కదా చేశారు," అంది నాగవల్లి. చీర ముక్క అందుకుంది.

హరినాథ్ ఇంకో డబ్బా తెస్తానని బయటికెళ్ళాడు. డబ్బాలో ఇంకా సగం పైగా ఉంది. ఆడవాళ్ళిద్దరూ దాని సంగతి ఎత్తలేదు. రాజవ్వ చీర ముక్కలు చింపి అందిస్తుంటే నాగవల్లి తుడుస్తూ పోయింది. ముసలావిడ కబుర్లు చెప్పింది. కొండాపూర్ వైపు పుట్టిల్లట. అక్కడి చెరువులో చిన్నప్పుడు బర్రెల తోక పట్టుకుని ఈదేదట. "మీ పడవ ఏడ దించుతున్నరు మరి?" అని అడిగింది. ఇంకా జాగా దొరకలేదని నాగవల్లి చెప్పింది. "మా ఊరి చెరువుల దించుండ్రి. నరేష్‌గాని ట్రాక్టర్ మీద కొంటవోదాం. నేనొస్త. నాకు గూడ పుట్టిల్లు సూసినట్టుంటది." నరేష్ ఆవిడ కొడుకు.

మధ్యాహ్నం చెక్క ఆరాక నాగవల్లి చెంబులో నీళ్ళు తెచ్చి వేళ్ళతో మూత మీద చిలకరించింది. నూనె ఉన్న చోట నీళ్ళు తామరాకు మీద లాగా గోళీలు కడతాయి, లేని చోట పరుచుకుని ఇంకిపోతాయి. అప్పటికి తిరిగొచ్చిన హరినాథ్ వంగి చూస్తున్నాడు. ముక్కు దగ్గర నీళ్ళు పరుచుకున్నాయి. నడుం దగ్గర పరుచుకున్నాయి. తోక దగ్గర మాత్రం నాలుగు గోళీలు అటూ ఇటూ దొర్లాయి.

"ఇక్కడ ఇంకోసారి," అంది నాగవల్లి. హరినాథే గుడ్డ తీసుకుని, ఒకే వైపు, ఒక్క ఊపులో తుడిచి, గుడ్డ పారేశాడు.

నూనె పోయింది గానీ పసుపు పోలేదు. చెక్క లోపలికి ఇంకి కూర్చుంది. ఇసుక కాగితంతో రుద్దినా లేత పచ్చదనం మిగిలే ఉంది. మర్నాడు పొద్దున చల్లని వేళ గాజుగుడ్డ పరిచారు. హరినాథ్ రెజిన్, హార్డెనర్ తూచి కలిపి అందిస్తే నాగవల్లి మధ్యలోంచి అంచులకి లాక్కుంటూ పోయింది. గుడ్డ తడిసి కనపడకుండా పోతుంటే కింద చెక్క లేచి నిలబడినట్టయింది. పసుపు మీద రెజిన్ పడేసరికి కొత్త బెల్లం రంగు తేలింది. ఇద్దరూ కాసేపు చేతులు ఆపి చూశారు. ఆ రంగు ఇద్దరిలో ఎవరూ అనుకున్నది కాదు.

*

బుధవారం సాయంత్రం మూతని కింది భాగం మీద బిగించారు. బయట అతుకు ఎవరైనా వేస్తారు. లోపలి అతుకుతోనే కష్టం. కూర్చునే చోట వదిలిన గుండ్రటి ఖాళీ తప్ప పడవలోకి దారి లేదు. హరినాథ్ భుజాలు అందులో పట్టవు. నాగవల్లి జుట్టుకి గుడ్డ కట్టుకుని, మూతికి మాస్కు పెట్టుకుని, చేతులు ముందుకి చాపి తల దూర్చింది. కర్ర కొసకి కట్టిన బ్రష్షుతో, టార్చి వెలుతురులో, గాజు టేపుని అతుకు మీద నెట్టుకుంటూ అంగుళం అంగుళం పోతోంది. నడుం దాకా ఆమె పడవలో ఉంది. లోపల కొత్త చెక్క వాసన, రెజిన్ వాసన, తన ఊపిరి చప్పుడు.

బయట హరినాథ్ ఫోన్ మోగింది. పడవ డొల్ల కదా, మాటలు చెవిలో చెప్పినట్టు వినిపించాయి.

"ఆ, సాయీ... అయిపోయింది, ఆఖరి అతుకు. ఇంకెవరు చేస్తారు, అంతా నేనే... లేదు లేదు, ఒక్కణ్ణే. డిజైన్, చెక్క, ఫైబర్, అన్నీ... మా ఆవిడా? ఆ, ఉంటుంది పక్కన, చేతికి అందిస్తూ ఉంటుంది."

నాగవల్లి బ్రష్షు ఆగింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే మాస్కు తడుస్తుంది, మాస్కు తడిస్తే ఊపిరాడదు. మింగేసింది. కోపమొచ్చిందని పని చెడగొట్టే మనిషి కాదు ఆమె. చెడగొడితే మునిగేది ఎవరో కూడా చూసుకోవాలి కదా. టేపు కింద ఒక్క బుడగ మిగలకుండా ఆ చివరిదాకా పోయి, వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చింది.

"అయిందా?" అన్నాడు హరినాథ్ ఫోను జేబులో పెట్టుకుంటూ.

"అయింది. చేతికి అందించేశాను," అంది.

హరినాథ్ మొహం కందిపోయింది. నాగవల్లి బ్రష్షు అసిటోన్‌లో ముంచి కడుగుతూ కూర్చుంది, తల ఎత్తలేదు. అతను చీపురు తీసుకుని కొట్టం ఊడ్చాడు. ఆ కొట్టాన్ని అతను ఊడవడం అదే మొదలు.

*

ఆదివారం పొద్దున నరేష్ ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి పడవని పడుకోబెట్టారు. రాజవ్వ గడ్డి మీదే కూర్చుని దాని మీద చెయ్యేసి పట్టుకుంది. చెరువు గట్టున అప్పటికే హరినాథ్ ఫ్యాక్టరీ వాళ్ళు కార్లు దిగి సెల్ఫీలు తీసుకుంటున్నారు. వెంకట సాయి కెమెరా పట్టుకుని పడవ చుట్టూ తిరిగాడు.

"ఈ కలర్ ఏం కలర్ సార్! ఏ పాలిష్ వాడారు?"

"అది... సీక్రెట్," అన్నాడు హరినాథ్.

"సీక్రెట్ ఏంది సారూ?" అంది రాజవ్వ ట్రాలీ దిగుతూ. "నేను పూసిన పసుపు. గది తుడ్సలేక ఈ పిల్ల చేతులు పొక్కులొచ్చె."

అందరూ నవ్వారు. హరినాథ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆ పడవలో కూర్చోవడం ఒక విద్య. ఒక కాలు పెట్టగానే అది పక్కకి ఒరుగుతుంది. ఎవరో ఒకరు నీళ్ళలో నిలబడి తోక గట్టిగా పట్టుకోవాలి. గట్టు దిగితే మోకాళ్ళ దాకా బురద. అందరూ బూట్ల వంక చూసుకున్నారు. నాగవల్లి చెప్పులు విడిచి, పంజాబీ డ్రెస్సు పైకి దోపుకుని దిగింది. కాళ్ళకి చల్లటి నీళ్ళు తగలగానే ప్రాణం లేచొచ్చింది.

ముందు హరినాథ్ ఎక్కాడు. లైఫ్ జాకెట్‌లో అతని మెడ కనపడలేదు. గట్టుకి కాస్త దూరంలో ఉన్న తుంగ దాకా పోయి, అక్కడ పడవ కొంచెం ఊగేసరికి తెడ్డు ఆపి, బిగుసుకుపోయి, నెమ్మదిగా వెనక్కొచ్చాడు. "సూపర్ సార్!" అని గట్టు మీద చప్పట్లు. ఆ తర్వాత వెంకట సాయి. ఆ తర్వాత స్టోర్సు ఆయన. ఆ తర్వాత బాయిలర్ ఆయన, ఆయన పొట్ట ఖాళీలో పట్టక చొక్కా విప్పి ఎక్కాడు. ప్రతి ఒక్కరికీ నాగవల్లి తోక పట్టుకుంది. ఎక్కేటప్పుడు పట్టుకుంది, దిగేటప్పుడు పట్టుకుంది. డ్రెస్సు నడుం దాకా తడిసింది. ప్రతిసారీ ఇక నా వంతు అనుకుంది. ప్రతిసారీ ఇంకెవరో గట్టు దిగారు.

ఎండ ముదిరింది. "పోదామా సార్, బిర్యానీ చల్లారుతుంది," అన్నాడు వెంకట సాయి. అందరూ కాళ్ళు కడుక్కుని బూట్లు తొడుక్కుంటున్నారు.

"నాగా, పడవ ఒడ్డుకి లాగెయ్," అని గట్టు మీంచి హరినాథ్ కేకేశాడు.

"నేనెక్కలేదు."

"వచ్చేసారి చూద్దాంలే. అందరూ ఆకలితో ఉన్నారు."

నాగవల్లి పడవ తోక వదల్లేదు.

"వచ్చేసారి లేదు," అంది. గొంతు తనదేనా అన్నంత గట్టిగా వచ్చింది. "చెక్క మీరు చేశారు, నేను కాదనను. దీన్ని నీళ్ళకి నిలబెట్టింది నేను. ఇక్కడున్న ప్రతివాడికీ పడవ పట్టుకుని ఎక్కించాను, దింపాను. ఇప్పుడు నేనెక్కుతాను. ఎవరైనా వచ్చి పట్టుకోండి."

ఎవరూ కదల్లేదు. బూట్ల లేసులు కట్టుకునే వాళ్ళు కట్టుకుంటూనే ఉన్నారు. వెంకట సాయి కెమెరా కిందికి దించాడు. రాజవ్వ గట్టు దిగబోతే నరేష్ భుజం పట్టుకుని ఆపాడు.

ఎవరూ రాకపోతే మానె, అనుకుంది నాగవల్లి. ఒక చెయ్యి పడవ మీద వేసి కాలు లోపల పెట్టింది. అది ఒరిగింది, నీళ్ళు లోపలికి చిందాయి. కాలు తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఒరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూస్తే చూడనీ అనుకుంది.

వెనక దభాల్న నీళ్ళ చప్పుడైంది. హరినాథ్. బూట్లతో, సాక్సులతో, ఇస్త్రీ ప్యాంటుతో దిగాడు. బురదలో ఒక కాలు కూరుకుపోయి, అది లాక్కుని, ఇంకో అడుగు వేశాడు. నీళ్ళు అతని తొడల దాకా వచ్చాయి. మొహంలో రక్తం లేదు. లైఫ్ జాకెట్ గట్టు మీదే ఉండిపోయింది. రెండు చేతులతో పడవ తోక పట్టుకున్నాడు.

"కూర్చో," అన్నాడు.

ఆమె కూర్చుంది. కాళ్ళు ఆనించే చెక్కలు అతని కొలతకి పెట్టినవి, ఆమె పాదాలకి అందలేదు. అందకపోతే పోయె. తెడ్డు తీసుకుంది.

"వదలండి."

"లోతుందే అక్కడ."

"తెలుసు. వదలండి."

"పడితే నేను రాలేను నాగా. నాకు ఈత రాదు." మెల్లగా, ఆమెకి మాత్రమే వినిపించేట్టు అన్నాడు. ఇన్నేళ్ళలో ఈ మాట అతని నోటితో అతను అనడం ఆమె వినలేదు.

నాగవల్లి మెడ తిప్పి చూసింది. ఆమె కోపం పోలేదు. కానీ ఆ చేతులు పడవని పట్టుకున్నాయో, పడవే ఆ మనిషిని నిలబెట్టిందో తెలీనట్టుంది.

"నాకొచ్చు," అంది. "మీరు నిలబడ్డ చోటే నిలబడండి, అక్కడ గట్టి నేలే. వదిలెయ్యండి."

హరినాథ్ వదిలాడు.

దోనె గెడ అలవాటున్న చేతులకి రెండు ఆకుల తెడ్డు కొత్త. మొదట పడవ గట్టు వైపు తిరిగింది, తర్వాత తుంగలోకి పోబోయింది. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. అయిదారు సార్లు తెడ్డు వేశాక చెయ్యి కుదిరింది. పడవ తిన్నగా సాగింది. తుంగ దాటింది. మగవాళ్ళెవరూ పోని చోటికి, నీళ్ళు నల్లబడిన చోటికి, నడిమధ్యకి పోయింది. అక్కడ నాగవల్లి తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఆగిపోయింది. దూరానికి ఆమె వీపు మాత్రం కనిపిస్తోంది.

"మేడం ఎక్కడ నేర్చుకున్నారు సార్?" అన్నాడు వెంకట సాయి కెమెరా మళ్ళీ పైకెత్తి.

హరినాథ్ వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చాడు. "గోదావరిలో. ఈ పడవ ఫైబర్ పనంతా ఆవిడదే సాయీ. మొన్న ఫోన్లో నీకు అబద్ధం చెప్పాను."

కాసేపాగి బాయిలర్ ఆయన, "ఒడ్డుకి రండి సార్, మేడం ఇప్పట్లో వచ్చేట్టు లేరు," అన్నాడు.

"మీరు పొండి, తినండి," అన్నాడు హరినాథ్. "ఆవిడ దిగేటప్పుడు పట్టుకోవడానికి ఒక మనిషుండాలి కదా."

బిర్యానీకి వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. అతను తొడల దాకా నీళ్ళలో, రెండు చేతులూ కాస్త ముందుకి చాపి, అలాగే నిలబడి ఉన్నాడు.